చందాకు సొంతవారు, చికిత్సకు పరాయివారు

ఆరోగ్య బీమా విషయంలో దక్షిణ కొరియా ఆసియా దేశాలకు ఆదర్శమని పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు. 1977లో 500 మందికి మించి పనిచేసే సంస్థలతో ఆరంభమైన నిర్బంధ బీమా 1989 నాటికి దేశ ప్రజలందరికీ విస్తరించింది. సంపన్న దేశాలకు అనేక దశాబ్దాలు పట్టిన కార్యాన్ని ఒక వర్ధమాన దేశం పుష్కర కాలంలో ముగించడం సామాన్య విషయం కాదు. అయితే ఆ వ్యవస్థకు ఇప్పుడు మరో పరీక్ష ఎదురైంది. ఆ దేశపు కర్మాగారాల్లో, పొలాల్లో, పరిశోధనశాలల్లో పనిచేస్తున్న విదేశీయుడు జబ్బుపడితే అతనికి ఏపాటి చికిత్స అందుతున్నదన్నదే ఆ పరీక్ష.

ఇది కొద్దిమందికి సంబంధించిన వ్యవహారం కాదు. 2007లో 10 లక్షలు దాటిన విదేశీయుల సంఖ్య 2024 ఆఖరుకు 26 లక్షలు మించింది. 2023లో కొరియాలో సంతాన సాఫల్య రేటు 0.72కు దిగజారింది. పుట్టేవారు తగ్గి, వయసు మళ్ళినవారు పెరుగుతున్న దేశానికి బయటి చేతులు తప్పనిసరి అవుతున్నాయి. ఒక్క 2024 సంవత్సరానికే వృత్తి నైపుణ్యం అక్కరలేని పనుల కోసం 1,65,000 మంది విదేశీ కార్మికులను రప్పించుకోవాలని కొరియా ప్రభుత్వం నిర్ణయించింది. 2004లో అమలులోకి వచ్చిన ఉపాధి అనుమతి విధానం కింద ఇలా వెళ్ళేవారిలో నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్, పాకిస్థాన్ దేశాల యువకులు ఉన్నారు. భారతదేశం ఆ విధానంలో భాగస్వామి కాకపోయినా మన ఇంజనీర్లు, పరిశోధకులు, విద్యార్థులు కొరియా నగరాల్లో కనిపిస్తూనే ఉన్నారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. కనుక అక్కడి ఆస్పత్రి గుమ్మం వద్ద ఏం జరుగుతున్నదో తెలుసుకోవలసిన అవసరం దక్షిణాసియా దేశాలన్నింటికీ ఉంది.

స్థూలంగా పరిస్థితి ఇది: చందా వసూలు చేసేటప్పుడు విదేశీయుడిని తన పౌరుడితో సమానంగా, కొన్ని సందర్భాల్లో అంతకు మించి, లెక్కలోకి తీసుకుంటున్న రాజ్యం చికిత్స అందించే ఘట్టంలో ఆ సమానత్వాన్ని చివరిదాకా నిలబెట్టలేకపోతోంది.

అన్సాన్ ముఖచిత్రం

సియోల్‌కు నైరుతి దిశలో ఉన్న అన్సాన్ నగరం ఇందుకు చక్కని ఉదాహరణ. పారిశ్రామిక వాడల చుట్టూ పెరిగిన ఈ పట్టణంలో 2022 గణాంకాల ప్రకారం విదేశీ మూలాలున్న నివాసులు లక్ష దాటారు. అక్కడి వొంగోక్ ప్రాంతాన్ని 2009లో ప్రత్యేక బహుళ సంస్కృతుల మండలంగా ప్రకటించారు. చైనా, వియత్నాం, ఉజ్బెకిస్థాన్, నేపాల్, ఇండోనేసియా దేశాల వంటకాలు ఒకే వీధిలో దొరుకుతాయి.

ఇటువంటి నగరంలో వైద్యుడి కోసం వెతుక్కోనవసరం లేదు. రైల్వే స్టేషన్ల పరిసరాల్లో ఒక్కొక్క భవనంలో నాలుగైదు క్లినిక్కులు ఉంటాయి. ఒక అంతస్తులో చెవి, ముక్కు, గొంతు వైద్యుడు, ఆ పై అంతస్తులో ఎముకల వైద్యుడు, కింద మందుల దుకాణం. ముందుగా సమయం తీసుకోకుండా నేరుగా వెళ్ళి వరుసలో కూర్చుంటే అదే రోజు నిపుణుడైన వైద్యుడు చూస్తాడు. అనేక పాశ్చాత్య దేశాల్లో నిపుణుడి దర్శనానికి వారాలూ నెలలూ పడుతుండగా ఇక్కడ గంటలో పని ముగుస్తుంది. ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ సభ్య దేశాలన్నింటిలోకీ తలసరిన ఎక్కువ సార్లు వైద్యుని వద్దకు వెళ్ళేది కొరియా ప్రజలే. ఏడాదికి సగటున 15 సార్లకు మించి వెళ్తున్నారు.

బీమా ఉన్నవారికి ఖర్చు కూడా భారం కాదు. చిన్న క్లినిక్కులో అయితే బీమా వర్తించే బిల్లులో దాదాపు 30 శాతం రోగి భరిస్తే చాలు. ఆస్పత్రి స్థాయి పెరిగేకొద్దీ రోగి వాటా పెరుగుతూ, అత్యున్నత స్థాయి ఆస్పత్రుల ఔట్ పేషెంట్ విభాగంలో 60 శాతానికి చేరుతుంది. ఆస్పత్రిలో చేరినవారి వాటా సాధారణంగా 20 శాతం. నమోదైన కేన్సర్ రోగికి 5 శాతమే. బీమా పరిధిలోకి రాని పరీక్షలూ, సేవలూ వేరే ఉన్నాయి గనుక ఆ ఖర్చు పూర్తిగా రోగిదే. అయినప్పటికీ, చేతిలో కార్డు ఉన్న విదేశీ కార్మికునికి ఈ ఏర్పాటు స్వదేశంలో కలలో కూడా కానరాని రక్షణ కల్పిస్తున్నదనడంలో సందేహం లేదు.

తెలియని కట్టుబాట్లు

చిక్కు ఎక్కడ వస్తున్నదంటే, ఈ వ్యవస్థకు కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి అక్కడే ఉన్నవారికి అవి అలవాటైనవి. కొత్తవారికి చెప్పేవారు ఉండరు.

మొదటిది, పెద్దాస్పత్రికి నేరుగా వెళ్ళడం కుదరదు. కింది స్థాయి వైద్యుడు రాసిచ్చిన సిఫార్సు పత్రం లేకుండా అత్యున్నత స్థాయి ఆస్పత్రికి వెళ్తే, అత్యవసర చికిత్స, కాన్పు వంటి మినహాయింపులు తప్ప, బీమా వర్తించదు. రోగం ముదిరిందనే భయంతో పేరున్న ఆస్పత్రికి పరుగెత్తడం మన దేశంలో పరిపాటి. అదే పని అక్కడ చేస్తే బిల్లు మొత్తం నెత్తిన పడుతుంది.

రెండవది మందుల సంగతి. వైద్యుడు రాయడం, దుకాణదారు ఇవ్వడం వేర్వేరు పనులని 2000 జూలై నుంచి చట్టం కచ్చితంగా విడదీసింది. మన వీధి చివర దుకాణంలో లక్షణాలు చెప్పి నాలుగు యాంటీబయాటిక్ బిళ్ళలు కొనుక్కునే అలవాటు అక్కడ సాగదు. ఆరోగ్య దృష్ట్యా ఇది మంచి నిబంధనే. అయితే మందుల దుకాణంలో ఒక పూటకు వేసుకోవలసిన బిళ్ళలన్నీ కలిపి చిన్న కాగితపు పొట్లాల్లో కట్టి ఇస్తారు. అందులో ఏది నొప్పికి, ఏది జ్వరానికి, ఏది కడుపులో మంట రాకుండా ఇచ్చినదో భాష తెలియని మనిషికి తెలిసే మార్గం లేదు. ఏదో ఒక మందు పడనివారికి ఇది ప్రమాదకరం కూడా.

మూడవది వేళలు. క్లినిక్కులు చాలా వరకు శనివారం మధ్యాహ్నానికి మూసివేస్తారు, ఆదివారం తెరవరు. కర్మాగారంలో పనిచేసే విదేశీయుడికి తీరిక దొరికేది ఆదివారమే. పనిదినాల్లో వైద్యుని వద్దకు వెళ్ళాలంటే యజమాని అనుమతి కావాలి. ఉపాధి అనుమతి విధానం కింద వచ్చిన కార్మికుడు తొలి మూడేళ్ళలో పనిచేసే చోటు మారడానికి ఉన్న అవకాశాలు పరిమితం. అటువంటప్పుడు సెలవు అడిగి యజమాని ముఖం చిట్లించుకునేలా చేసే సాహసం ఎందరికి ఉంటుంది? పర్యవసానంగా తొలి దశలోనే తగ్గవలసిన జబ్బు అత్యవసర విభాగం దాకా వెళ్తోంది.

నిర్బంధ బీమాలోని మెలిక

2019 జూలై 16 నుంచి, కొరియాలో ఆరు నెలలు అంతకు మించి నివసించే విదేశీయులందరూ జాతీయ ఆరోగ్య బీమాలో చేరి తీరాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. 2021 మార్చి నుంచి విదేశీ విద్యార్థులను కూడా ఇందులోకి తెచ్చారు. ఉద్యోగస్తుల విషయంలో చిక్కు లేదు. వేతనంలో 7 శాతం పైచిలుకు చందా, అందులో సగం యజమానిది, సగం ఉద్యోగిది. విదేశీయుడికీ, స్వదేశీయుడికీ ఒకే న్యాయం. చిక్కంతా ఉద్యోగం ద్వారా కాక నివాసం ప్రాతిపదికన చేరవలసినవారితోనే.

వీరి ఆదాయాన్ని బట్టి లెక్కగట్టిన చందా, మొత్తం చందాదారుల సగటు కన్నా తక్కువ వస్తే, సగటు మొత్తాన్నే చెల్లించాలి. 2019లో ఆ మొత్తం నెలకు 1,13,050 వాన్లు. ఆనాటి మారకం ప్రకారం ఆరున్నర వేల రూపాయలకు పైమాటే. విదేశాల్లో ఉన్న ఆస్తిపాస్తులు కనుక్కోలేమన్నది ప్రభుత్వం చెప్పే కారణం. అది కొంతవరకు సబబే. కానీ ఆచరణలో దీని అర్థం, ఆదాయం తక్కువ ఉన్న విదేశీయుడు అదే ఆదాయం ఉన్న కొరియా పౌరుని కన్నా ఎక్కువ చెల్లించడం. కుటుంబం విషయంలోనూ ఇంతే. భార్యాభర్తలు, 19 ఏళ్ళ లోపు పిల్లలు మాత్రమే ఒక కుటుంబంగా లెక్కకు వస్తారు. ఇంట్లో ఉన్న వృద్ధ తల్లిదండ్రులు వేరే చందా కట్టవలసిందే. తల్లిదండ్రులను కొడుకు ఇంటి మనుషులుగా కాక వేరు కుటుంబంగా చూసే ఈ లెక్క దక్షిణాసియా వాసికి అంతుపట్టని విషయం.

ఇంతకన్నా కఠినమైనది బకాయిల నిబంధన. కొరియా పౌరుడు ఆరు నెలల చందా బకాయి పడితే గాని బీమా సౌకర్యం నిలిపివేసే ప్రశ్న తలెత్తదు. విదేశీయుడు మాత్రం ఒక్క నెల చందా ఎగవేసినా మరుసటి నెల నుంచి సౌకర్యం రద్దయ్యేది. పైపెచ్చు బకాయి ఉంటే వీసా పొడిగింపుకూ అడ్డంకి. ఈ వివక్ష 2023 సెప్టెంబర్‌లో కొరియా రాజ్యాంగ న్యాయస్థానం దృష్టికి వచ్చింది. ఒక్క నెల బకాయికే చికిత్స నిలిపివేయడం సమానత్వ సూత్రానికి విరుద్ధమని న్యాయస్థానం తేల్చి, 2025 జూన్ ఆఖరులోగా చట్టాన్ని సవరించాలని గడువు విధించింది. సగటు చందా నిబంధనను మాత్రం సమర్థించింది. సగం న్యాయమే అయినా ఈ తీర్పు విలువైనది. జబ్బు మనిషిని పౌరసత్వం అడిగి రాదన్న సామాన్య సత్యాన్ని న్యాయస్థానం గుర్తించినట్లయింది.

విదేశీయులు తేరగా తిని పోతున్నారన్న విమర్శ కొరియాలో తరచూ వినిపిస్తోంది. చికిత్స అవసరమైన బంధువులను రప్పించి, వైద్యం చేయించి పంపివేస్తున్నారన్న ఫిర్యాదులో కొంత నిజం లేకపోలేదు. చందాదారులు కూడబెట్టిన సొమ్ముకు కాపలా ఉండాలనడాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. అందుకే 2024 ఏప్రిల్ నుంచి, జీవిత భాగస్వామి, మైనర్ పిల్లలు మినహా, ఇతర ఆశ్రితులు ఆరు నెలలు నివసించిన తరువాతే బీమాకు అర్హులని నిబంధన తెచ్చారు. 2024 మే 20 నుంచి చికిత్సకు ముందు గుర్తింపు కార్డు చూపడం స్వదేశీయులకూ, విదేశీయులకూ తప్పనిసరి చేశారు. ఇవి సమంజసమైన చర్యలే. అయితే మొత్తం పద్దు చూస్తే విమర్శకుల వాదన నిలవదు. విదేశీయులు చెల్లించిన చందాల్లోంచి వారి వైద్యానికి ఖర్చయినది పోగా ఒక్క 2023లోనే 70 వేల కోట్ల వాన్లకు మించిన మిగులు బీమా సంస్థ ఖాతాలో చేరింది. విదేశీ కార్మికుల్లో ఎక్కువమంది వయసులో ఉన్నవారు, ఆరోగ్యవంతులు కావడం ఇందుకు ప్రధాన కారణం. వృద్ధులు పెరుగుతున్న దేశపు వైద్య ఖర్చును విదేశాల నుంచి వచ్చిన యువకులు కొంత మోస్తున్నారన్నమాట. తేరగా తింటున్నది ఎవరో ఈ పద్దే చెబుతోంది.

నొప్పికి ఎన్ని పేర్లు

చందా చెల్లించి, కార్డు చేతపట్టుకుని, సరైన క్లినిక్కు వెతుక్కుని వైద్యుని ఎదుట కూర్చున్న తరువాత మొదలయ్యేది అసలు సమస్య. అది భాష.

రోగ నిర్ధారణలో సగం పని రోగి నోటి మాట మీద ఆధారపడి ఉంటుంది. తెలుగువాడికి తలపోటు వేరు, పంటి సలుపు వేరు, కాళ్ళ తీపులు వేరు, కడుపులో మంట వేరు, నడుం పట్టు వేరు. ఈ మాటలు ఒక్కొక్కటీ వైద్యుడికి ఒక్కొక్క దారి చూపుతాయి. తెలుగు నుంచి ఆంగ్లంలోకి, ఆంగ్లం నుంచి కొరియా భాషలోకి మారేసరికి ఇవన్నీ కరిగి ‘నొప్పి’ అనే ఒకే మాట మిగులుతుంది. కొరియా భాషలోనూ నొప్పి తీరును బట్టి మాటలు అనేకం. వైద్యుడు వాటితో ప్రశ్నిస్తే రోగికి అర్థం కాదు. వైద్యులు వైద్యశాస్త్ర పదజాలాన్ని ఆంగ్లంలో చదివినవారే అయినా ఆ భాషలో సంభాషించడం వేరే విద్య. రోగుల రద్దీ వల్ల ఒక్కొక్కరికి దొరికే సమయం మూడు నిమిషాలేనని కొరియావారే వాపోతుంటారు. ఆ మూడు నిమిషాల్లో సైగలతో చెప్పగలిగింది ఎంత?

దుభాషి సౌకర్యాలు అసలు లేవనడం అన్యాయం. 119 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా అంబులెన్స్ వస్తుంది. ఆ సంభాషణలోకి దుభాషిని కలిపే ఏర్పాటూ ఉంది. వలసల శాఖ వారి 1345 నంబరు ఇరవై వరకు భాషల్లో సమాచారం ఇస్తుంది. వలస కుటుంబాల కోసం వేరే సహాయ కేంద్రం ఉంది. స్వచ్ఛంద దుభాషీలు ఉన్నారు. అయితే ఇవన్నీ గుమ్మం దాకా దారి చూపే సేవలు. వైద్యుని గదిలో, రక్త పరీక్ష నివేదిక ముందు, శస్త్రచికిత్స అంగీకార పత్రం మీద సంతకం పెట్టే క్షణాన పక్కన నిలబడే శిక్షణ పొందిన దుభాషి చిన్న క్లినిక్కుల్లో అరుదు. పత్రంలో ఏముందో తెలియకుండా పెట్టే సంతకాన్ని అంగీకారమనడం మాటవరసకే.

ఆ లోటును పూడ్చేది తరచుగా తోటి కార్మికుడో, యజమాని పంపిన పర్యవేక్షకుడో. పని చేస్తుండగా గాయపడిన మనిషి తరఫున, ఆ ప్రమాదానికి జవాబుదారీ కావలసిన సంస్థ ప్రతినిధే మాట్లాడటంలోని ఇబ్బంది వివరించనక్కరలేదు. స్త్రీల విషయంలో ఈ ఇబ్బంది మరింత సున్నితమైనది. భర్త స్నేహితుడి ద్వారా గర్భసంబంధమైన సమస్య చెప్పుకోవలసి రావడం కన్నా చెప్పకుండా ఊరుకోవడమే నయమని భావించేవారు ఉండరా?

రెండు రకాల విదేశీయులు

భాష కొరియాకు అధిగమించలేని అడ్డంకి కాదని ఆ దేశమే మరో చోట నిరూపించుకుంది. విదేశీ రోగులను ఆకర్షించేందుకు 2009లో వైద్య చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది 60 వేల మంది వస్తే, 2024లో ఆ సంఖ్య 11 లక్షలు దాటింది. చర్మ చికిత్సలకూ, సౌందర్య చికిత్సలకూ వచ్చేవారే ఇందులో అధికం. సియోల్‌లోని పెద్దాస్పత్రుల్లో వీరి కోసం అంతర్జాతీయ విభాగాలు వెలిశాయి. ఆంగ్లం, చైనీస్, రష్యన్, అరబ్బీ, జపనీస్ మాట్లాడే సహాయకులు విమానాశ్రయం నుంచి ఆస్పత్రి మంచం దాకా వెంట ఉంటారు.

డబ్బు తెచ్చే రోగి కోసం దుభాషిని సమకూర్చగలిగినవారు, నెలనెలా చందా కట్టే రోగి కోసం ఎందుకు సమకూర్చలేరు? మొదటివాడు అతిథి, రెండవవాడు ఆ ఇంటి పనివాడు కావడమే కారణమైతే అది వైద్యనీతి అనిపించుకోదు.

చరిత్ర ఇక్కడ ఒక విచిత్రాన్ని గుర్తుచేస్తుంది. కొరియాలో తొలి ఆధునిక ఆస్పత్రిని 1885లో రాజు అనుమతితో నెలకొల్పింది హొరేస్ అలెన్ అనే అమెరికన్ వైద్యుడు. నేటి సియోల్‌లోని సెవరెన్స్ ఆస్పత్రి దానికి వారసురాలే. దానికి ఆ పేరు కూడా విరాళమిచ్చిన ఒక అమెరికన్ వ్యాపారిదే. నాడు భాష రాని విదేశీయుడు వైద్యుడు, రోగి కొరియావాడు. నేడు పాత్రలు తారుమారయ్యాయి.

కార్డు కూడా లేనివారు

కార్డు ఉన్నవారి సంగతి ఇలా ఉంటే, అది కూడా లేనివారు మరో నాలుగు లక్షల వరకు ఉంటారు. వీసా గడువు దాటి ఉండిపోయిన వీరికి బీమాలో చేరే హక్కు లేదు. బీమా లేని రోగికి ఆస్పత్రి తనకు తోచిన రేటు వేయవచ్చు. బీమా రేటుకు అది కొన్ని రెట్లు ఉండవచ్చు. ఆస్పత్రిలో చేరవలసి వచ్చిన ఇటువంటి కార్మికులకు పరిమితంగా సాయపడే ప్రభుత్వ పథకం ఉంది. సియోల్‌లో 1997 నుంచి నడుస్తున్న రాఫెల్ క్లినిక్ వంటి ఉచిత వైద్యశాలల్లో స్వచ్ఛందంగా పనిచేసే వైద్యులు ఉన్నారు. చికిత్స సందర్భంగా తెలిసిన వివరాలను వలసల శాఖకు నివేదించనవసరం లేదన్న మినహాయింపు ప్రభుత్వ వైద్య సిబ్బందికి ఉంది. అయినా పట్టుబడతామన్న భయం రోగి కాళ్ళకు బంధం వేస్తూనే ఉంది.

ఈ భయం ఖరీదు ఎంతో 2020లో కరోనా కాలం చూపింది. ఆ ఏడాది మార్చిలో మాస్కుల పంపిణీకి విదేశీయులు నివాస కార్డుతో పాటు బీమా పత్రం కూడా చూపాలన్నారు. బీమా లేనివారికి మాస్కు లేదు. అంటువ్యాధికి మాత్రం బీమా ఉన్నవారూ లేనివారూ అన్న భేదం లేదు. ఏప్రిల్‌లో నిబంధన సడలించారు. 2021 మార్చిలో సియోల్ నగరం విదేశీ కార్మికులందరూ పరీక్ష చేయించుకోవాలని ఆదేశించి, విమర్శలు చెలరేగడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కు తీసుకుంది.

2020 డిసెంబర్‌లో పోచియాన్‌లో ఒక కంబోడియా యువతి మరణం కొరియా సమాజాన్ని కలచివేసింది. కూరగాయల తోటలో పనిచేసే ఆమె గడ్డకట్టే చలిలో, ప్లాస్టిక్ పందిరి కింద ఏర్పాటు చేసిన బసలో శవమై కనిపించింది. కాలేయ వ్యాధి ముదిరిందని శవ పరీక్షలో తేలింది. సకాలంలో ఒక రక్త పరీక్ష జరిగి ఉంటే అన్న ప్రశ్న అప్పటి నుంచి వెంటాడుతోంది. 2022లో ఆ మరణాన్ని పని పరిస్థితుల కారణంగా సంభవించినదిగా అధికారులు గుర్తించారు. వ్యవసాయ కార్మికులు దేశంలో అడుగుపెట్టిన వెంటనే బీమాలో చేరేలా నిబంధనలు మార్చారు. ఒక ప్రాణం పోతే గాని నిబంధన మారకపోవడం విచారకరం.

నేపాలీలు నేర్పిన పాఠం

కొరియాలో విదేశీ కార్మికుల హక్కులు ఎవరో దయతో ఇచ్చినవి కావు. 1995 జనవరిలో 13 మంది నేపాలీ యువకులు సియోల్‌లోని మ్యాంగ్‌డాంగ్ చర్చి ఆవరణలో మెడలకు గొలుసులు చుట్టుకుని బైఠాయించారు. శిక్షణార్థులన్న పేరిట పనిచేయించుకుంటూ కార్మికుల హక్కులు నిరాకరించడాన్ని వారు నిరసించారు. ఆ ఆందోళన దేశాన్ని ఆలోచింపజేసింది. శిక్షణార్థులకు ప్రమాద బీమా, వైద్య బీమా వర్తింపజేసే మార్గదర్శకాలు ఆ ఏడాదే వెలువడ్డాయి. అదే సంవత్సరం కొరియా సుప్రీంకోర్టు, వీసా లేని కార్మికుడు కూడా పనిలో గాయపడితే పరిహారానికి అర్హుడేనని తీర్పు చెప్పింది. నేటి 26 లక్షల మందికి దక్కుతున్న రక్షణలో ఆ 13 మంది వంతు ఉంది. దక్షిణాసియా దేశాలు ఈ సంగతి మరచిపోరాదు.

చేయవలసిందేమిటి

కొరియా చేయవలసిన మొదటి పని దుభాషి సేవను మర్యాదగా కాక చికిత్సలో అంతర్భాగంగా గుర్తించడం. రక్త పరీక్షకు బీమా నుంచి చెల్లిస్తున్నట్లే దుభాషికీ చెల్లించాలి. విదేశీయుల ఖాతాలోని మిగులులో కొద్ది భాగం ఇందుకు కేటాయించినా సరిపోతుంది. అన్సాన్ వంటి నగరాల్లో ఆదివారం తెరిచే క్లినిక్కులకు ప్రోత్సాహం ఇవ్వాలి. బీమా సంస్థ పంపే నోటీసులు, రెండేళ్ళకొకసారి జరిపే ఉచిత ఆరోగ్య పరీక్షల సమాచారం, మందుల పొట్లాల మీది వివరాలు గ్రహీతకు తెలిసిన భాషలో ఉండాలి. న్యాయస్థానం తప్పుపట్టిన బకాయి నిబంధన స్ఫూర్తి మరో రూపంలో తిరిగి తలెత్తకుండా చూడాలి.

కొరియాలో వైద్యుల కొరత, వివాదాలు స్వదేశీయులనూ వేధిస్తున్నాయన్నది నిజం. వైద్య కళాశాలల సీట్లు 2,000 పెంచాలన్న ప్రతిపాదన మీద 2024 ఫిబ్రవరిలో వేలాది జూనియర్ డాక్టర్లు విధులు వీడారు. ప్రతిష్టంభన ఏడాదిన్నర సాగింది. అత్యవసర రోగులను చేర్చుకునే ఆస్పత్రి కోసం అంబులెన్సులు తిరగవలసి వచ్చింది. అటువంటి వేళ భాష రాని రోగి ఇంకా వెనుకబడతాడు. కొరతను సాకుగా చూపి సమానత్వాన్ని వాయిదా వేయడం మాత్రం తగదు.

పంపే దేశాల బాధ్యత ఇంతకు తక్కువ కాదు. ఉపాధి అనుమతి కోసం వెళ్ళే నేపాలీ, శ్రీలంక యువకుడు కొరియా భాషా పరీక్ష ఉత్తీర్ణుడు కావాలి. ఆ శిక్షణలో యంత్రాల పేర్లతో పాటు శరీర భాగాల పేర్లు, నొప్పుల పేర్లు, పడని మందుల పేర్లు కూడా నేర్పడం కష్టమేమీ కాదు. భారతదేశం విషయానికి వస్తే, కొరియాతో మన సామాజిక భద్రత ఒప్పందం 2011 నవంబర్ నుంచి అమలులో ఉంది. అది పింఛను చందాల విషయంలో ఉద్యోగులకు మేలు చేసింది గాని ఆరోగ్య సేవల జోలికి పోలేదు. ఆ లోటు గురించి చర్చించడానికి ఇది తగిన సమయం. వెళ్ళే విద్యార్థి, ఉద్యోగి కూడా స్వయంగా జాగ్రత్త పడాలి. పాత జబ్బుల వివరాలు, వాడుతున్న మందుల అసలు పేర్లు ఆంగ్లంలో రాయించుకుని వెంట ఉంచుకోవడం, చందా ఒక్క నెల కూడా తప్పకుండా చూసుకోవడం, ముందుగా చిన్న క్లినిక్కుకు వెళ్ళడం ప్రాణాలు కాపాడే అలవాట్లు.

ఈ ప్రశ్న ఒకవైపుదే కాదు. పెనుకొండ సమీపాన 2019లో ఉత్పత్తి ఆరంభించిన కియా కార్ల కర్మాగారం పుణ్యమా అని కొరియా కుటుంబాలు రాయలసీమకూ వచ్చాయి. విదేశీ నివాసులందరినీ చేర్చుకునే నిర్బంధ ఆరోగ్య బీమా మన దేశంలో లేదు. కొరియా భాష తెలిసిన వైద్యుడు మన జిల్లాల్లో దొరకడం దుర్లభం. అన్సాన్‌లో తెలుగు విద్యార్థికి ఎదురయ్యే అవస్థే అనంతపురం ప్రాంతంలో కొరియా ఇల్లాలికీ ఎదురవుతుంది. భేదమల్లా కొరియా తన వద్దకు వచ్చినవారిని కనీసం బీమా పద్దులోకి ఎక్కించుకుంది. మనం ఆ పని కూడా చేయలేదు. కనుక కొరియాను వేలెత్తి చూపే ముందు, ఆ దేశం సాధించినదేమిటో మనం ఒప్పుకోవాలి.

పుష్కర కాలంలో ప్రజలందరికీ వైద్యం అందించి చూపిన దేశం, విదేశీయుడికి మాట సాయం అందించలేదనుకోవడానికి వీల్లేదు. సంకల్పం ఉంటే అందుకు ఇంకో పుష్కరం అక్కరలేదు. చందా తీసుకునే చేయి ఎవరిదో, నాడి పట్టి చూసే చేయీ వారిదే కావాలి. అప్పుడే ఆ బీమాకు సార్వజనీనమన్న పేరు పూర్తిగా తగుతుంది.